సువార్తమ్మ గారి లైన్ క్లియర్

నేను ఒక రైలింజన్‌ను. నవ్వకండి. అరచేతిలో ఇముడుతానన్నది నిజమే గానీ ఇంజన్ ఇంజనే. నాకు బాయిలర్ ఉంది, పొగగొట్టం ఉంది, ఎర్రరంగు వేసిన చక్రాలున్నాయి. బొగ్గు తినను, కరెంటు తాగుతాను, అంతే తేడా. సముద్రాలవతల ఒక చలిదేశపు కార్ఖానాలో పుట్టాను. నా చక్రాలకు మెరుగు పెట్టిన పెద్దమనిషి కళ్లద్దాల మీద కళ్లద్దాలు, వాటి మీద భూతద్దం పెట్టుకునేవాడు. ఒకనాడు ఆయన తుమ్మితే బల్ల మీది ఇంజన్లు ఎగిరి పక్క జిల్లాలో పడ్డాయి. నేను జిగురు డబ్బాకు అంటుకుని ఉండబట్టి మిగిలాను. నమ్మకపోతే మీ ఇష్టం. ఆ తుమ్ము విన్నది నేను, మీరు కాదు.

ఓడెక్కి, లారీ ఎక్కి, విజయవాడలో ఒక పళ్ల డాక్టరు గారి గాజు బీరువాలో దిగాను. పన్ను పీకించుకోవడానికి వచ్చినవాళ్ల భయం పోగొట్టడం నా ఉద్యోగం. బుగ్గ పట్టుకుని నావంక చూస్తూ కూర్చునేవాళ్లు. లోపలినుంచి కేక వినబడగానే కొందరు చెప్పులు కూడా వదిలేసి పారిపోయేవాళ్లు. ఆ వేగం చూసి ఇంజన్‌నైన నాకే సిగ్గేసేది, ఎందుకంటే నేను అంగుళం కదిలి ఎరగను.

నా బాధ అదే. నా పొట్టలో ఒక చిన్న మోటారుంది, దానికి కాస్త గ్రీజు పూశారు. చక్రాలు తిరుగుతూ ఉంటే ఆ గ్రీజు వెన్నలా ఉంటుంది. ఏళ్ల తరబడి తిరక్కపోతే జిగురవుతుంది, తరవాత బంక అవుతుంది, చివరికి గడ్డకట్టి చక్రాల్ని పట్టేస్తుంది. అప్పుడిక నన్ను ఇంజన్ అనకూడదు, బొమ్మ అనాలి.

ఒకరోజు నరసరావుపేటలో స్థిరపడిన రిటైర్డ్ స్టేషన్ మాస్టరు కారుమంచి దైవాధీనం గారు దవడ వాచి వచ్చారు. నన్ను చూశారు. పన్ను సంగతి మరిచిపోయి డాక్టరు గారితో బేరానికి కూర్చున్నారు. సాయంత్రానికి పన్ను ఆయన నోట్లోనే ఉంది, నేను ఆయన సంచిలో ఉన్నాను.

రైల్వేమనిషి ఇంటికి పోతున్నాను, ఇక నా పంట పండిందనుకున్నాను. ఇంటికెళ్లి చూస్తే నాకంటే ముందు వచ్చినవాళ్లు మంచం కింద, బీరువా మీద, తలుపు వెనక డబ్బాల్లో బారులు తీరి ఉన్నారు. డీజిల్ ఇంజన్లు, పాసింజరు పెట్టెలు, సిమెంటు వ్యాగన్లు, కట్టలు కట్టలుగా పట్టాలు. ఒక్కటీ నేల మీద కాలు పెట్టలేదు. కింది డబ్బాలోని డీజిల్ ఇంజన్ నన్ను పలకరించి, "కొత్తగా వచ్చావా? సర్దుకుని పడుకో" అంది.

దైవాధీనం గారి కోరిక పెద్దదే. తాను పనిచేసిన మీటర్ గేజ్ నాటి చిన్న స్టేషన్ని పట్టాలతో, వంతెనతో, కొండతో సహా ఒక బల్ల మీద కట్టాలి. దాన్ని లేఅవుట్ అంటారట. అందుకోసం తెచ్చిన పెద్ద ప్లైవుడ్ చెక్క వరండాలో ఉంది. దాని మీద ఆయన భార్య సువార్తమ్మ గారు వడియాలు ఎండబెట్టేవారు. కట్టడం ఎప్పుడని ఆమె అడిగితే పట్టాల వంపు ఎడమకా కుడికా ఇంకా తేలలేదనేవారు ఆయన. ఆ తేలేలోపు ఇంకో డబ్బా వచ్చేది. కొనడానికి ఒక నిమిషం చాలు, కట్టడానికి నడుం వంచాలి. మనుషులకు డబ్బా విప్పేటప్పుడు కలిగే ఆనందం ఇంతా అంతా కాదు. నన్ను విప్పి, ముద్దు పెట్టుకున్నంత పనిచేసి, మళ్లీ అదే డబ్బాలో పెట్టి మూత వేశారు.

ఇలా ఉండగా గుంటూరు నుంచి సువార్తమ్మ గారి చెల్లెలు వచ్చింది. పడుకోవడానికి చోటు లేక వంటింట్లో చాప వేసుకుంది. మర్నాడు ఆమె బస్సెక్కగానే సువార్తమ్మ గారు నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడ్డారు.

"ఏందండీ, ఇది పడగ్గదా, గూడ్స్ షెడ్డా?"

"కడతాలేవే. రేపట్నుంచి మొదలుపెడతా."

"ఆ రేపు మీరు డ్యూటీలో ఉన్నప్పటి నుంచీ వింటన్నా. ఒక మాట చెప్పండి. ముందు బండి సెక్షన్లో ఉండంగా వెనక బండికి లైన్ క్లియర్ ఎన్నిసార్లిచ్చారు మీరు?"

దైవాధీనం గారి మొహం ఎర్రబడింది. "నేనా? ఒక్కసారి కూడా ఇవ్వలా. నా సర్వీసులో ఆ మాట అన్న మొనగాడు లేడు."

"మరి ఇంట్లో ఎందుకిస్తన్నారు? వచ్చిన బండి పట్టా ఎక్కకముందే ఇంకో బండిని గుమ్మంలోకి తెస్తన్నారుగా."

ఆయన దవడ పట్టుకుని మంచం మీద కూర్చున్నారు. పన్ను నొప్పి కాదు.

విషయం తెలియనివాళ్లకు చెబుతాను. ఒంటి లైను మీద బండ్లు గుద్దుకోకుండా పాతరోజుల్లో ఒక ఏర్పాటు ఉండేది. స్టేషన్ మాస్టరు ఒక ఇనుప గుండును తోలుసంచిలో వేసి, బెత్తపు చక్రానికి తగిలించి డ్రైవరు చేతికిస్తేనే బండి కదలాలి. దాన్ని టోకెన్ అంటారు, రెండు స్టేషన్ల నడుమ లైనును సెక్షన్ అంటారు, ఆ సెక్షన్లోకి బండి రావచ్చన్న అనుమతే లైన్ క్లియర్. ముందు బండి అవతలి స్టేషను చేరేదాకా రెండో టోకెన్ బయటికి రాదు. సువార్తమ్మ గారు రైల్వే క్వార్టర్లలో కాపురం చేసిన మనిషి. చిరిగిన జల్లెడ చట్రం తీసి, పాత జాకెట్టు గుడ్డతో సంచి కుట్టి, అందులో ఒక గోలీ వేసి, చట్రానికి కట్టి వంటింటి మేకుకు తగిలించారు.

"ఇదీ మీ టోకెన్. ఒక మూర పట్టా వేసి, దాని మీద ఒక బండి నడిపి చూపించండి, ఇస్తా. అది చేతిలో ఉంటేనే కొత్త డబ్బా కొనేది."

సరిగ్గా ఆ వారంలోనే హైదరాబాదు దుకాణం నుంచి ఫోను వచ్చింది. ఆయన స్టేషన్ ముందునుంచి రోజూ పోయిన ఆవిరింజనుకు అచ్చు నమూనా దొరికిందట. ఒక్కటే ఉందట. సాయంత్రంలోగా చెప్పాలట. అంతకాలంగా ఆయన వెతుకుతున్నది దానికోసమే. అది వస్తే ఇక దాన్ని తుడవడం, దాన్ని చూడడం. నేను అడుక్కి పోతాను, గ్రీజు గడ్డకడుతుంది, కథ కంచికి.

సువార్తమ్మ గారు చర్చిలో స్త్రీల కూటానికి వెళ్లారు. ఇంట్లో దైవాధీనం గారూ, ఆయన దగ్గర పట్టాల దారి మార్చే పాయింట్స్‌మన్‌గా చేసి రిటైరైన నాగుల్ మీరా ఉన్నారు. దైవాధీనం గారు మేకు కింద నిలబడి జల్లెడ చట్రం వంక చూస్తున్నారు.

"తీసుకో సార్. అమ్మగారు ఇప్పుడప్పుడే రాదు. ఎవురు చూత్తారు?" అన్నాడు నాగుల్ మీరా.

"చూడటం కాదయ్యా. సెక్షన్లో బండి ఉంది."

"అది గోలీ సార్."

"గుండైనా గోలీ అయినా టోకెన్ టోకెనే."

దుకాణానికి ఫోను చేసి, లైన్ క్లియర్ లేదని చెప్పారు. అవతలివాడు ఇంట్లో ఒప్పుకోలేదా అన్నాడు. "ఇంట్లో కాదు, స్టేషన్లో" అని పెట్టేశారు. వరండాలోకి వెళ్లి, వడియాలన్నీ చాటలోకి దులిపి, చెక్క లోపలికి తెచ్చారు.

అయితే ఆయన స్టేషన్ మాస్టరు కదా, ముందు ప్లాట్‌ఫారం కట్టారు. ఊరి పేరు బోర్డు పెట్టారు. సిమెంటు బెంచీ, మంచినీళ్ల కుళాయి, గంట అన్నీ పెట్టారు. పట్టా మాత్రం లేదు. రోజూ వచ్చి చూసే నాగుల్ మీరాకు ఓపిక పోయింది.

"ప్యాసింజర్లు నడిచిపోతారా సార్ గుంటూరికి?"

ఆయన గొణుక్కుంటూ పట్టా వేశారు. మూర అన్నది మూరన్నర అయింది. ఇన్ని డబ్బాల్లో నన్నే ఎందుకు తీశారో తెలియదు, పైన ఉన్నందుకేనేమో. పట్టా మీద నిలబెట్టారు. నా కాళ్ల కింద ఇనుము తగలడం అదే మొదలు. సువార్తమ్మ గారు చెయ్యి తుడుచుకుంటూ వచ్చి నిలబడ్డారు. ఆయన పట్టాలకు కరెంటిచ్చే మీట తిప్పారు.

నేను కదల్లేదు. కదలాలనే ఉంది, ఒళ్లంతా వేడెక్కింది, మూలిగాను కూడా. చక్రం మాత్రం తిరగలేదు. ఆలస్యమైందేమో, నేను బొమ్మనైపోయానేమో అనుకున్నాను. దైవాధీనం గారి చెయ్యి మీట మీదే ఆగిపోయింది.

"కొనంగానే తిప్పాల్సింది. చేతులారా చంపుకున్నా దీన్ని" అన్నారు మెల్లగా.

"చావటమేంది? నా కుట్టుమిషన్ కూడా ఎండాకాలం ఇట్టాగే మొరాయిస్తది" అంటూ సువార్తమ్మ గారు నూనె డబ్బా తెచ్చి, నన్ను వెల్లకిలా తిప్పి, పొట్టలో ఒక చుక్క వేశారు. వేలితో చక్రాన్ని ఇటూ అటూ ఆడించారు. పక్కన కూర్చుని వడియాలు ఏరుతూ కాసేపు నన్నట్లాగే ఉంచారు. మళ్లీ నిలబెట్టారు. మళ్లీ మీట.

దగ్గాను. వణికాను. కదిలాను. కాకపోతే వెనక్కి. ఎన్నో ఏళ్లు ఆగిన వేగమంతా ఒక్కసారి వచ్చేసరికి, పట్టా అయిపోయిందని తెలిసేలోపే గాల్లోకి లేచి వడియాల చాటలో పడ్డాను. ఆ దూకుడుకు వినుకొండ కొండ ఒక వెంట్రుకవాసి పక్కకు జరిగింది, కావాలంటే కొలుచుకోండి.

"తీగలు తిరగేసి పెట్టావు సార్" అన్నాడు నాగుల్ మీరా నవ్వు ఆపుకోలేక. "ఇదే నిజం బండయితే నిన్నూ నన్నూ కలిపి సస్పెండ్ చేసేవాళ్లు."

తీగలు మార్చారు. ముందుకు నడిచాను, ప్లాట్‌ఫారం ముందు ఆగాను. సువార్తమ్మ గారు మేకు మీది టోకెన్ తెచ్చి భర్త భుజానికి తగిలించారు. ఆయన హైదరాబాదుకు ఫోను చేస్తే ఆ ఆవిరింజను ఎవరో పట్టుకుపోయారని తెలిసింది. ఒక నిట్టూర్పు విడిచారు. "ఇంకో మూర వేద్దాం పట్టు" అన్నారు నాగుల్ మీరాతో.

కొనడం మానేశారని నేను చెప్పను, అంత పెద్ద అబద్ధం నాకే నోరు రాదు. కొంటున్నారు, కడుతున్నారు. ఒక వ్యాగన్ వస్తే ఒక వంతెన లేస్తుంది. మంచం కింద డబ్బాలు సగానికి తగ్గి, సువార్తమ్మ గారి చెల్లెలు వచ్చినప్పుడు కాళ్లు చాపుకుంటోంది. డీజిల్ ఇంజన్ గూడ్సు లాగుతోంది, దాని నిద్రమత్తు వదిలింది.

నేను మాత్రం ఇప్పుడు స్టేషన్ బయటి అవుటర్ సిగ్నల్ దగ్గర నిలబడి ఉన్నాను. నా వెనక పాసింజరు పెట్టెలు, ముందు ఎర్ర దీపం. దైవాధీనం గారు కాఫీకని వంటింట్లోకి వెళ్లారు, అక్కడ కొండకు ఏ రంగు వేయాలో భార్యతో తగువు పడ్డారు. ఇప్పట్లో సిగ్నల్ పడేలా లేదు. డబ్బాలో ఉన్నన్నాళ్లూ నేను ఒక్క నిమిషం కూడా లేటవలేదు. ఇవాళ లేటుగా నడుస్తున్నాను. ఇంత హాయి నేనెరగను.