హ్యాండిల్‌లో ప్లే

షెడ్డు షట్టర్ ఎత్తగానే కూతురు చేసే మొదటి పని ఇనుము చెక్కే మిల్లింగ్ మెషిన్ టేబుల్ తుడవడం. తర్వాత తండ్రికి స్టూలు వేస్తుంది. ఆయన్ని అందరూ మేస్త్రి అంటారు. ఆయన కూర్చుని హ్యాండిల్ తిప్పుతాడు. టేబుల్‌ని నడిపే లోపలి స్క్రూ బాగా అరిగిపోవడంతో హ్యాండిల్ అర చుట్టు ఊరికే తిరిగితే గానీ టేబుల్ కదలదు. ఆ ఊరికే తిరిగేదాన్ని షెడ్లలో ప్లే అంటారు.

మేస్త్రి మాటకీ ప్లే ఉండేది. పెదవులు కదిలిన కాసేపటికి గానీ గొంతు వచ్చేది కాదు. పెళ్ళైన కొత్తలో గుక్క తిప్పుకునేంత సేపు పట్టేదని, పోనుపోను అన్నం ఉడికేంత సేపు పట్టసాగిందని భార్య నవ్వుతూ చెప్పేది. ఏం కూర చేయమంటారని అడిగి, జవాబొచ్చేలోపు వండి, వడ్డించి, అంట్లు కూడా తోమేసేదట. మాట బయటపడ్డాకే ఆయన కాలూ కదిలేది. ఎవరూ వింతపడలేదు. ఒకరికి చెవుడు, ఒకరికి నత్తి, ఈయనకి ప్లే.

పోయినేడు ఒక మధ్యాహ్నం ఆమె, "గుండెల్లో బరువుగా ఉందండీ, ఏం చేద్దాం?" అంది. పక్కింటావిడ గోడవతల నుంచి ఆ ప్రశ్న విన్నది గానీ జవాబు వినలేదు. కూతురు ఇంటికి వచ్చేసరికి తల్లి ప్రాణం పోయింది. మేస్త్రి మంచం పక్కన నిలబడి పెదవులు కదుపుతున్నాడు.

ఆ రోజు నుంచి ఆయన నోట ఒక్క మాటా రాలేదు. మొదటిది గొంతుకడ్డం పడి, వెనకవన్నీ క్యూ కట్టాయి. కాళ్ళు మాత్రం ఇక మాట కోసం ఆగడం మానేశాయి.

"వస్తాయిలే" అన్నాడు పక్క షెడ్డు వెల్డరు.

కూతురు ఏడవలేదు. కోపం వచ్చింది, అదీ కొన్నాళ్ళకి మొద్దుబారింది. తండ్రికి అన్నం పెట్టేది, మాత్రలు ఇచ్చేది, మొహం మాత్రం చూసేది కాదు. దూరపు ఊళ్ళో అచ్చులూ పనిముట్లూ చేసే పెద్ద టూల్‌రూమ్ వాళ్ళు పనికి రమ్మన్నారు. వెళితే మళ్ళీ ఈ గుమ్మం తొక్కకూడదనుకుంది. అయినా మర్యాదకి అడిగింది.

"నాన్నా, నేను వెళ్ళిపోనా?"

పెదవులు కదిలాయి. ఆమె ఆగకుండా పనిలో పడింది.

అరిగిన స్క్రూ వల్ల హ్యాండిల్ తిప్పడం మేస్త్రి భుజానికి భారమవుతోంది. వెళ్ళేలోపు దాన్ని తేలిక చేసి పోదామని, తుక్కు యార్డులో విప్పి పడేసిన, కంప్యూటర్‌తో నడిచే మిల్లింగ్ మెషిన్ నుంచి బాల్ స్క్రూలు తెచ్చింది. గాడిలో ఉక్కు గోళీలు దొర్లుతూ నట్టుని నడిపే రకం, ప్లే అన్నదే ఉండదు. చివర్లు కోసి, లేత్ మీద సైజుకి దించి, నట్టు పట్టేలా బ్రాకెట్టుకి రంధ్రం బోర్ చేసింది. టూల్‌రూమ్‌కి జవాబు చెప్పాల్సిన రోజు వచ్చేసరికి బిగింపు పని మిగిలింది.

నట్టు బయటికి తీయాలంటే స్క్రూ చివర అదే లావు గొట్టం ఆనించి, దాని మీదకి జరపాలి. ఆ సంగతి ఆమెకి తెలుసు. ధ్యాస ఎక్కడో ఉండి గొట్టం పెట్టకుండానే తిప్పింది. మేస్త్రి చూశాడు, పెదవులు కదిపాడు. నట్టు జారింది. గోళీలన్నీ జలజలా రాలి బెంచీల కిందకి దొర్లాయి.

"ఆగమని ఒక్క మాట చెప్పొచ్చు కదా!" అని అరిచింది. "అమ్మకీ ఇంతే! ఒక్క మాట చెప్పలేకపోయావు!"

ఏడాదిగా లోపల పెట్టుకున్నది అనేసింది. అన్నాక కూడా గుండె తేలికవలేదు. ఇద్దరూ మోకాళ్ళ మీద పాకుతూ అయస్కాంతంతో గోళీలు ఏరారు. మేస్త్రి ఒక్కొక్కటీ గ్రీజు అద్ది గాడిలో కూర్చాడు. ఒక్క గోళీ కూడా తగ్గలేదు.

బిగించడం అయ్యాక మేస్త్రి హ్యాండిల్ పట్టుకుని కూర్చున్నాడు. కూతురు అటు చివర నిలబడి అరచేత్తో టేబుల్‌ని మెల్లగా తోసింది. బాల్ స్క్రూకి పట్టు ఉండదు, ఇటు తోస్తే అటు హ్యాండిలే తిరుగుతుంది. మేస్త్రి చేతిలో హ్యాండిల్ తనంతట తాను తిరిగింది. ఆయన గొంతు వచ్చింది.

"పద, ఆస్పత్రికి పోదాం. నా భుజం పట్టుకుని లే."

కూతురి చెయ్యి టేబుల్ మీదే ఉండిపోయింది. ఆయన అన్నాడు. అమ్మ అడగ్గానే అన్నాడు, గొంతే ఇప్పుడొచ్చింది. ఈ ఏడాదంతా తను, ఏమీ అనని మనిషికి అన్నం పెడుతున్నాననుకుంది. అయినా తోయడం ఆపలేదు.

"లేవవే. లేవవేమే." హ్యాండిల్ తిరుగుతోంది. "ఆకలి లేదమ్మా... మాత్ర వేసుకున్నా... నువ్వు తిన్నావా?... ఆఁ, తాగుతా."

"టీ తాగుతావా అని నేను పోయిన వానాకాలంలో అడిగానన్నా!" అని గుమ్మంలోంచి వెల్డరు అన్నాడు. అని టీ తేవడానికి వెళ్ళాడు.

"కళ్ళద్దాలు జేబులోనే ఉన్నాయి... నిద్ర పట్టిందిలే... వెళ్ళమ్మా, వెళ్ళు... ఆగు, గొట్టం పెట్టు." టేబుల్ చివరికంటా వచ్చి ఆగింది.

అప్పుడే ఫోన్ మోగింది. చేతులకి గ్రీజు ఉండటంతో ఆమె మోచేత్తో స్పీకర్ నొక్కింది. టూల్‌రూమ్ సూపర్‌వైజర్.

ఏం చెప్పాలో ఆమెకి ఇప్పుడు తెలుసు. ఈ మనిషిని వదిలి ఎక్కడికీ పోదు. ఏడాది పాటు ముడుచుకున్న మొహం చూసి బతికిన తండ్రికి, ఇకనుంచైనా ఎదురుగా కూర్చుని అన్నం పెడుతుంది. రానని చెప్పడానికి నోరు తెరిచింది.

"ఏంటమ్మా, ఏం ఆలోచించుకున్నావు? పనిలోకి వస్తు..."

"వస్తుందండి" అన్నాడు మేస్త్రి.