ఎదురొచ్చే రోడ్డు

ఆ ఆదివారం పొద్దున నేరేడ్‌మెట్‌లోని మా పిన్ని ఇంట్లో ఉన్నవాళ్లం: పిన్ని కాంతమణి, బాబాయి పైడిబాబు, బాబాయి వాళ్లమ్మ దేముడమ్మ, పిన్ని కూతురు నాలుగేళ్ల పూజిత, బాబాయి కంపెనీ బెంగళూరు ఆఫీసు నుంచి వచ్చిన రామభద్రరావు గారు, నేను. గేటు బయట సుమో అద్దాలు తుడుచుకుంటున్న డ్రైవర్ లక్ష్మణ్‌ని కూడా కలుపుకోవచ్చు. అందరూ శ్రీశైలం రోడ్డులో కొండ చివర నుంచి నల్లమల అడవిని చూడటానికి తయారై కూర్చున్నారు. పిన్ని మాత్రం వంటింట్లో నిలబడి ఇంకా పులిహోర కలుపుతోంది.

నేను విజయనగరం దగ్గర మా ఊరి హైస్కూల్లో పది పాసై, ఇంటర్ చదవడానికి ఆ ఏడే పిన్ని దగ్గరికి వచ్చాను. నలుగురిలో నాకు నోరు పెగలదు. క్లాసులో హాజరు పలకడానికి కూడా ముందు గొంతు సవరించుకుంటాను. చెప్పలేనివన్నీ డైరీలో రాసుకుంటాను, అందులో సగం పిన్ని గురించే ఉంటుంది. ప్యారడైజ్ దగ్గర మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ ఆఫీసులో ఆమెకి ఉద్యోగం. ఒకసారి తాళం చెవి తీసుకోవడానికి అక్కడికి వెళ్లి, అద్దం తలుపు బయట నిలబడి చూశాను. చెవులకి హెడ్‌ఫోన్లు, కాలి కింద రికార్డింగు ఆపి నడిపే పెడల్. ఎక్కడో అమెరికాలో డాక్టర్లు గొణిగిన మాటలు ఆమె చెవిలో పడటమే ఆలస్యం, వేళ్ల కిందనుంచి జబ్బుల పేర్లు, మందుల పేర్లు వరసగా తెర మీదికి వచ్చేస్తున్నాయి. కీబోర్డు వైపు ఒక్కసారి కూడా చూడలేదు. పక్క సీటు ఆలిస్ ఆంటీ నన్ను చూసి ఆమె భుజం తట్టేదాకా నేను పిలవలేదు, పిలవబుద్ధి కాలేదు. పిన్ని అంత పెద్దదిగా నాకు ఇంట్లో ఎప్పుడూ కనపడలేదు. ఇంట్లో ఆమె ఎప్పుడూ వంగే ఉంటుంది. స్టవ్ ముందు, బట్టల బకెట్ ముందు, పూజిత బూట్ల ముందు. ఆ ముందు రాత్రి భోజనాల దగ్గర రామభద్రరావు గారు మేడం ఏం చేస్తుంటారని అడిగితే, బాబాయి నవ్వి, “ఏదో టైంపాస్ జాబ్ లెండి” అన్నాడు. పిన్ని బాబాయి విస్తట్లో రెండో గరిటె పప్పు వేసి లోపలికి వెళ్లిపోయింది.

సుమోలో ఎవరి చోటు ఏదో ఎవరూ చెప్పనక్కర్లేదు. ముందు సీటు బాబాయిది, దారి చూపించాలి కాబట్టి. ఎదురుగా లారీలు వస్తుంటే గుండె దడ అని రామభద్రరావు గారు మధ్య సీట్లో కిటికీ దగ్గర కూర్చున్నారు, ఆయన పక్కన పూజిత, ఆ పక్కన మామ్మ. దేముడమ్మ గారిని నేను మామ్మ అనే పిలుస్తాను. అన్నిటికంటే వెనక, అడ్డంగా ఎదురెదురుగా ఉండే బల్ల సీట్లలో పిన్ని, నేను, మా కాళ్ల మధ్య పులిహోర గిన్నె, పెరుగన్నం క్యాను, నీళ్ల డబ్బా, చాపలు. వెనక తలుపు పిడి లోపలి వైపు ఏనాడో విరిగిపోయింది. ఎవరైనా బయటి నుంచి తియ్యాలి. లక్ష్మణ్ దాన్ని మా వెనక గట్టిగా లాగి వేశాడు.

ఊరు దాటాక నాకు ఒక సంగతి అర్థమైంది. వెనక కూర్చున్నవాళ్లకి రోడ్డు రాదు, పోతుంది. ముందువాళ్లు అదిగో అంటారు, మేము తల తిప్పేసరికి అది మా వెనక అద్దంలో చిన్నదైపోతూ ఉంటుంది. డిండి చెరువు నాకు అలాగే కనపడింది, మెరుస్తూ వెళ్లిపోతూ. మన్ననూరు దాటి అడవిలోకి మట్టిరోడ్డు పట్టాక మలుపు మలుపుకీ కడుపులో తిప్పింది. పిన్ని ముందే కవరు విప్పి పట్టుకుంది. ఒక చేత్తో నా నుదురు, ఇంకో చేత్తో కవరు, మోకాళ్లతో పులిహోర గిన్నె. వాంతి అయ్యాక చీర కొంగుతో నా మూతి తుడిచింది. ముందు నుంచి బాబాయి, “వెనకాల వాసన రానీకండి, సార్ ఉన్నారు” అన్నాడు.

కొండ చివర బండి ఆగింది. ముందు తలుపులు, మధ్య తలుపులు టపటపా తెరుచుకున్నాయి. చెట్ల మీద కోతులున్నాయని పూజిత కేరింతలు కొడుతుంటే మామ్మ దాని చెయ్యి పట్టుకుని దిగింది. బాబాయి వెనక్కి వచ్చాడు. తలుపు తీస్తాడనుకుని నేను చెప్పులు వేసుకున్నాను. అద్దంలోంచి చెప్పాడు.

“కోతులు ఎక్కువున్నాయి. ఎవరో ఒకరు సామాన్ల దగ్గర ఉండాలి కదా. దానికీ ఒంట్లో బాలేదు, నువ్వుండు.”

ఎవరో ఒకరు. ఈ మాట ఆ ఇంట్లో నేను చాలాసార్లు విన్నాను. ఎవరో ఒకరు లేచి పాలు కాచాలి కదా. ఎవరో ఒకరు సెలవు పెట్టి పూజితని చూసుకోవాలి కదా. ఎవరో ఒకరు సర్దుకోవాలి కదా. ఆ ఎవరో ఒకరు ఎప్పుడూ ఒకరే అని నాకు ఆ అద్దం వెనక కూర్చుని ఉండగా తట్టింది.

వాళ్ల మాటలు చెట్ల వెనక్కి వెళ్లిపోయాయి. గాలి బండిని కొంచెం ఊపుతోంది. నాకు ఇబ్బందిగా అనిపించి, అక్కడ ఎలా ఉంటుంది పిన్నీ, అని అడిగాను. ఆమె చెప్పడం మొదలుపెట్టింది. కొండ ఉన్నట్టుండి తెగిపోతుందంది. కింద అడవి పచ్చటి తివాచీ పరిచినట్టు ఉంటుందంది. గాలి ఎంత జోరుగా కొడుతుందంటే మాట నోట్లోంచి తీసుకుపోతుందంది. ఎంత బాగా చెప్పిందంటే నేను చూస్తున్నట్టే ఉంది. అంతలో సగంలో ఆగిపోయింది. గిన్నె మీది మూత సరిచేసింది, అది సరిగ్గానే ఉంది.

“నేను చూడలేదే, తిరుమలా” అంది.

పెళ్లైన కొత్తలో బాబాయి స్నేహితులతో వచ్చారట. తర్వాత పూజిత కడుపులో ఉన్నప్పుడు ఆడపడుచు వాళ్లతో, పోయినేడు ఇంకొకరితో. ప్రతిసారీ లక్ష్మణ్ బండే, ప్రతిసారీ వెనక సీటే. వాళ్లు తిరిగొచ్చి చెప్పుకునే మాటలు వినేదట. ఫొటోలు కడిగించాక చూసేదట. ఒకసారి అలా వచ్చి వెళ్లాక సోమవారం ఆఫీసులో ఆలిస్ ఆంటీ ఎలా ఉందని అడిగితే, చూడలేదని చెప్పడానికి సిగ్గేసి, విన్నదంతా చూసినట్టు చెప్పిందట. ఆలిస్ ఆంటీ ఆ మాటలు నమ్మి వాళ్లాయనతో కలిసి ఇక్కడికి వచ్చి చూసి వెళ్లిందట కూడా. ఇది చెప్పి పిన్ని నవ్వింది. నేను నవ్వలేకపోయాను.

ఏం చెయ్యాలో నాకు తెలియలేదు. వెళ్దాం అనడానికి నోరు రాలేదు. నా చెప్పుల వైపు చూస్తూ కూర్చున్నాను. పిన్ని కూడా వాటినే చూసింది, వేసుకుని ఉన్న నా చెప్పుల్ని. ఆ తర్వాత లేచింది. తల పైకప్పుకి తగిలింది. చీర కుచ్చిళ్లు ఎత్తి బొడ్లో దోపుకుని, మధ్య సీటు వీపు మీద చెయ్యి వేసి, మా ఊళ్లో ఆడపిల్లలు గోడ దూకినట్టు ఒక కాలు అటు వేసింది. రెండో కాలి మెట్టె సీటు కవరులో చిక్కుకుంటే విడిపించుకుంది. నన్ను కూడా చెయ్యి పట్టి లాగింది. మధ్య తలుపులోంచి ఇద్దరం కిందికి దిగాం.

బండి ముందర లక్ష్మణ్ బానెట్‌కి ఆనుకుని వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్నాడు. పిన్ని మొహమాటంగా, అయిదు నిమిషాలు బండి దగ్గర ఉండగలవా, వెనక తిండి సామాన్లు ఉన్నాయి అని అడిగింది.

“నేనెటు పోత మేడం? ఎప్పుడొచ్చినా బండి కాడనే ఉంట గద” అన్నాడు లక్ష్మణ్. “మీకే చూసుడు ఇష్టం లేదేమో అనుకున్న. సార్ గట్లనే చెప్పిండు, మా మేడంకు కొండలంటే భయమని. పోయి రారి, నేను సూస్త.”

పిన్ని మొహం నేను ఎప్పటికీ మరిచిపోను. కోపం కాదు. లెక్క తప్పిందని ఇన్నేళ్ల తర్వాత ఎవరో చూపిస్తే, తప్పు ఎక్కడుందో తనే వెతుక్కునేవాళ్ల మొహంలా ఉంది. ప్రతిసారీ ఇక్కడ ఒక మనిషి ఉన్నాడు. ఆమె కాపలా ఎవరికీ అవసరం లేదు. అడిగితే సరిపోయేది, కాని అడగాలని తోచనంతగా ఆ చోటు ఆమెదైపోయింది. కొండ చివరికి నడవడం మొదలుపెట్టింది, నేను వెనకాలే నడిచాను. రాళ్ల మీద ఆమె నడక అంతకంతకూ పెద్దదైంది.

కొండ నిజంగానే ఉన్నట్టుండి తెగిపోయింది. ఆమె విని చెప్పినవాటిలో అదొక్కటే సరిపోయింది. కింద అడవి తివాచీలా లేదు. అది కదులుతోంది. ఒకచోట మబ్బు నీడ పడి నల్లబడుతుంటే ఇంకోచోట ఎండ జరుగుతోంది. లోయలో గద్ద ఎగురుతోంది, దాని వీపు మాకు కనపడుతోంది. పక్షి వీపు పైనుంచి చూడటం నాకు అదే మొదలు. కొండల వెనక కొండలు, వెళ్లేకొద్దీ పలచబడి, చివరి కొండ ఆకాశంలో ఎక్కడ కలిసిందో చెప్పలేనట్టు ఉంది. గాలి మాటల్ని తీసుకుపోలేదు. అసలు మాటలే రాలేదు. పిన్ని కొండ అంచున కట్టిన ఇనప కమ్మీకి రెండు చేతులూ ఆనించి నిలబడింది. వంగలేదు. ఆఫీసు అద్దం తలుపులోంచి నేను చూసిన మనిషి మళ్లీ కనపడింది.

“ఆలిస్‌కి పచ్చగా ఉంటుందని చెప్పాను. నీలంగా ఉంది” అంది. “తను చూసొచ్చి కూడా నాతో అనలేదు చూడు.”

అప్పుడే బాబాయి మమ్మల్ని చూశాడు. సామాన్లు ఎవరు చూస్తున్నారని అడిగాడు. లక్ష్మణ్ ఉన్నాడంది పిన్ని, అటు తిరక్కుండానే. రామభద్రరావు గారు కొంచెం పక్కకి జరిగి, రండి మేడం, ఇటు నుంచి ఇంకా బాగుంది అన్నారు. మామ్మకి కళ్లలో పొర వచ్చినప్పటి నుంచీ దూరం ఆనదు. అక్కడ బండ మీద కూర్చుని ఉన్న ఆమె పిన్ని కొంగు పట్టుకుని, “నాకేటీ అవుపడ్డంలేదే. ఆడు కొండలని ఊరుకున్నాడు. ఏటున్నాయో నువ్వు సెప్పు” అంది. పిన్ని ఆమె పక్కన కూర్చుని గద్ద దగ్గర మొదలుపెట్టి చెప్పింది. ఈసారి ఎక్కడా ఆగలేదు. సగంలో రామభద్రరావు గారు కూడా ఇటు తిరిగి వినడం నేను చూశాను.

పులిహోర తిన్నాక బయల్దేరాం. బాబాయి అలవాటుగా ముందు తలుపు దగ్గరికి వెళ్లాడు. పిన్ని వెనక తలుపు తీసి పట్టుకుని అక్కడే నిలబడింది.

“తిరుమలకి వెనక పడటం లేదు. ముందు కూర్చుంటుంది” అంది. “నేను అత్తయ్య పక్కన కూర్చుంటాను, పూజితని ఒళ్లో పెట్టుకుని.”

“ఆడపిల్ల డ్రైవర్ పక్కనా?” అన్నాడు బాబాయి. పిన్ని తలుపు వదల్లేదు. తను సరిగ్గా వెనకాలే ఉంటానంది. బాబాయి రామభద్రరావు గారి వైపు చూసి నవ్వబోయి, ఆయన నవ్వకపోయేసరికి గొంతు తగ్గించాడు. “మరి వెనకాల?”

“ఎవరో ఒకరు కూర్చోవాలి కదా” అంది పిన్ని.

గొంతులో వెటకారం లేదు. పాలు కాచాలి కదా అన్నట్టే అంది. రామభద్రరావు గారు పోనీ నేను వెనక కూర్చుంటానంటే, మీరు అతిథులు, వద్దంది. బాబాయి తలుపు దగ్గరే నిలబడ్డాడు. లోపలి నుంచి మామ్మే కసిరింది. “ఎక్కరా పైడీ, పొద్దోతంది. ఇన్నాళ్లూ అది కూకోలేదేటి?”

బాబాయి తల వంచి ఎక్కాడు. ఖాళీ గిన్నె ఆయన కాలికి తగిలి మోగింది. పిన్ని దాన్ని పక్కకి జరిపి, మెల్లగా, గట్టిగా తలుపు వేసింది. పిడి పడిందో లేదో ఒకసారి లాగి చూసింది కూడా.

తర్వాత ముందుకి వచ్చింది. నేను ఆ పెద్ద అద్దం ఎదురుగా ఎలా కూర్చోవాలో తెలియక సీటు అంచున కూర్చుని ఉన్నాను. నా భుజం పట్టి వెనక్కి ఆనించింది. చున్నీ కొస బయట వేలాడుతుంటే లోపలికి తీసి నా ఒళ్లో పెట్టింది.

“వెనక్కి చూడకు. ఇక రోడ్డు ఎదురొస్తుంది” అని, తలుపు వేసేసింది.