"కదా" లేని ప్రశ్న

మత్తుమందుల వ్యసనానికి వైద్యం చేసే ఆ కేంద్రంలో నర్సమ్మ నోటికి మంచి పేరుంది. ముక్కూ మొహం తెలియనివాడు ఫోనెత్తి కసురుకున్నా సరే, కాసేపట్లో "అమ్మా, తల్లీ" అనిపించేస్తుంది. అందుకే కొత్త వైద్యం మీద పరిశోధన మొదలైనప్పుడు పెద్ద డాక్టరుగారు ఫోన్ల పని తీసుకొచ్చి ఆమె నెత్తిన పెట్టారు. నాలుక కింద పెట్టుకుంటే కరిగిపోయే మాత్ర ఒకటుంది. నొప్పి బిళ్ళలకో, మత్తు పొడికో లొంగిపోయిన మనిషికి ఆ యావ చల్లారుస్తుంది. రోజూ ఆ మాత్ర తీసుకునేవాళ్ళు కొందరు, అదే మందును నెలకోసారి సూదిగా వేయించుకునేవాళ్ళు కొందరు. వీళ్ళలో ఎవరు ఎక్కువకాలం నిలబడతారో చూడాలి. అందుకని వారానికోసారి అందరికీ ఫోన్ చేసి, ఆ వారం ఏమైనా వాడారేమో అడగాలి.

నర్సమ్మ అడిగింది. మిగతా కేంద్రాల్లో చాలామంది తడబడుతుంటే ఆమె మనుషులు మాత్రం ఒక్కరూ గీత దాటలేదు. పెద్ద డాక్టరుగారు కనిపించిన వాళ్ళందరికీ చెప్పుకుని మురిసిపోయారు. నర్సమ్మకి కూడా కాస్త కళ్ళు నెత్తికెక్కాయన్న మాట దాచడం ఎందుకు? అంతా తన మాట చలవేననుకుంది.

అంతలో మూత్ర పరీక్షల ఫలితాలు వచ్చాయి. ఫోనులో "లేదండీ" అన్నవాళ్ళలో సగం మందికి పరీక్షలో "ఉంది" అని తేలింది.

"ఏమే, వీళ్ళకి నిజంగానే ఫోన్ చేశావా, లేక నీకు నువ్వే జవాబులు రాసేసుకున్నావా?" అంది ల్యాబులో పనిచేసే అక్క. నవ్వుతూనే అంది గానీ, ఆ నవ్వు నర్సమ్మకి గుచ్చుకుంది. ఆ పూట ఆమెకి అన్నం సహించలేదు.

ఉద్యోగం గురించి దిగులు ఉంది, లేకపోలేదు. దానికంటే పెద్ద దిగులు ఇంట్లో ఉంది. ఆమె అన్నయ్య లిఫ్టు మెకానిక్. ఒకసారి లిఫ్టు గుంటలో కాలుజారి పడి నడుం విరగ్గొట్టుకున్నాడు. ఆపరేషను తరవాత ఇచ్చిన నొప్పి బిళ్ళలు నొప్పి పోయాక కూడా పోలేదు, ఆయన్ని పట్టుకుని వేలాడాయి. పని పోయింది, స్నేహితులు పోయారు. చివరికి చెల్లెలే తన ఇంటికి తెచ్చుకుని, ఊరికి ఆ చివరనున్న ఇంకో కేంద్రంలో చేర్పించింది. సొంత మనిషికి తన దగ్గరే వైద్యం చేయించకూడదని నియమం. ఆయన రోజూ పొద్దున్నే అక్కడికెళ్ళి, వాళ్ళ కళ్ళముందే మాత్ర నాలుక కింద పెట్టుకుని రావాలి. సాయంత్రం ఆమె ఇంటికి రాగానే చెప్పులు విప్పుతూ "అన్నయ్యా, మాత్ర వేసుకున్నావు కదా?" అంటుంది. లోపల్నుంచి "ఊఁ" అని వినిపిస్తుంది. అప్పుడుగాని ఆమె ప్రాణం కుదుటపడదు.

ఆ భయం ఉత్తిది కాదు. ఇలాంటి మనిషి వైద్యం మానేసి, కొన్నాళ్ళు ఖాళీగా ఉండి, మళ్ళీ ఒకనాడు పాత లెక్కలోనే బిళ్ళలు మింగితే, ఒళ్ళు దాన్ని తట్టుకోలేదు. నిద్రలోనే ఊపిరి ఆగిపోతుంది. అలా పోయినవాళ్ళను ఆమె చూసింది. అన్నయ్యను అలా చూడకూడదన్నదే ఆమెకున్న ఒక్క కోరిక.

తరవాతి వారం పరిశోధనవాళ్ళు శిక్షణ ఇచ్చే ఒక పెద్దమనిషిని పంపారు. ఆయన మెడలో ఎప్పుడూ హెడ్‌ఫోన్లు వేలాడుతూ ఉంటాయి, అన్నం తినేటప్పుడు కూడా తీయడు. ఫోనులో అడిగేవాళ్ళ గొంతులు రికార్డు చేసి, వాళ్ళు ఏమడిగారో, ఎలా అడిగారో వింటూ కూర్చోవడమే ఆయన ఉద్యోగం. చెవుల మాస్టారని అందరూ చాటుగా పిలుస్తారు. ఆయనకూ తెలుసు, ఏమీ అనుకోడు.

"నేను దొంగ లెక్కలు రాశానో లేదో చూడ్డానికి వచ్చారా?" అని నర్సమ్మ ఆయన కూర్చోకముందే అడిగేసింది.

"దొంగలెక్కలైతే వేరేవాళ్ళొస్తారమ్మా, నేనెందుకు? నాకు ఒకటే దురద. ఇంతమంది పనిగట్టుకుని మీకే ఎందుకు అబద్ధం చెప్పారా అని. రండి, విందాం."

ఒక హెడ్‌ఫోను ఆమెకిచ్చి, రికార్డు పెట్టాడు. బేకరీలో రొట్టెలు కాల్చే ఒకాయనతో మాట్లాడిన ఫోను అది. తన గొంతు తనే వినాల్సిరావడం ఎంత నరకమో నర్సమ్మకి అప్పుడే తెలిసింది.

"నమస్కారమండీ, బాగున్నారు కదా? పోయిన వారం ఏమీ వాడలేదు కదండీ?"

"లేదమ్మా."

"చాలా సంతోషం. ఇలాగే ఉండాలి."

మాస్టారు రికార్డు ఆపాడు. "కాగితం మీద ఉన్న ప్రశ్న ఏమిటి?"

"గడచిన వారంలో ఏమైనా వాడారా అని. అలా మొహం మీద అడిగితే పోలీసువాళ్ళు అడిగినట్టు ఉంటుందండీ. పెద్దవాళ్ళు, ఏమనుకుంటారు? అందుకని కాస్త మెత్తగా అడిగాను. మర్యాదే కదండీ?"

మాస్టారు నీళ్ళ సీసా మూత తిప్పుతూ, "పొద్దున్న తినే వచ్చారు కదా?" అన్నాడు.

"ఆఁ, తిన్నానండీ."

అనేసి నాలుక కరుచుకుంది. ఎందుకంటే ఆమె తినలేదు. రాత్రి సరిగ్గా నిద్రపట్టక, పొద్దున్న ఆలస్యంగా లేచి, మంచినీళ్ళు మాత్రం తాగి పరిగెత్తుకొచ్చింది.

"తిన్నారా?" అన్నాడాయన మళ్ళీ, ఆమె మొహం చూసి.

"లేదండీ."

"మరి తిన్నానన్నారే!"

"మీరు 'తిన్నారు కదా' అన్నారు. కాదంటే ఏం బాగుంటుందని..."

మాస్టారు పొట్ట పట్టుకుని నవ్వాడు. "చూశారా! నేను మీకు చుట్టాన్నా పక్కాన్నా? మీరు తినకపోతే నాకు పోయేదేముంది? ఊరికే నా మాట తీసెయ్యలేక అబద్ధం ఆడేశారు. మరి మీ బేకరీ ఆయనకి మీరంటే ఎంత గౌరవమో! ఆయన జవాబు కూడా మీరే చెప్పేసి, చివర్న 'కదా' తగిలించి పంపారు. పాపం, ఆయన సంతకం పెట్టాడంతే."

నర్సమ్మకి తల కొట్టేసినట్టయింది. వెంటనే ఇంకో రికార్డు పెట్టమంది, ఆ తరవాత ఇంకోటి. కదా, కదా, కదండీ, కదూ. అన్నిట్లోనూ అదే పాట. సిగ్గుపడాల్సిందిపోయి ఆమెకి విచిత్రంగా ఉత్సాహం వచ్చింది. ఇంతకాలం నోట్లో ఉన్న ముక్క, ఎన్నిసార్లు బయటికొచ్చిందో, ఒక్కసారీ కంటపడలేదే!

"అయితే 'కదా' అనడం మానేస్తే సరిపోతుందా?" అంది.

"అది సగమే. మిగతా సగం ఇంకా కష్టం. అడిగాక నోరు మూసుకోవాలి. అవతలివాళ్ళు ఎంతసేపు మాట్లాడకపోయినా సరే. ఏమైనా చెప్పాలనిపిస్తే 'చెప్పనా?' అని అడిగి చెప్పాలి."

ఆ మధ్యాహ్నమే ఆమె బేకరీ ఆయనకి ఫోన్ చేసింది. మాస్టారు పక్కనే కూర్చున్నాడు.

"ఈ వారం మీకు ఎలా గడిచిందండీ?"

అటునుంచి చప్పుడు లేదు. నర్సమ్మ నోటిదాకా వచ్చిన "బాగానే గడిచింది కదా"ని పళ్ళ మధ్య నొక్కిపట్టింది. ఇంకా చప్పుడు లేదు. ఒళ్ళంతా చీమలు పాకినట్టుంది.

"లైన్లో ఉన్నారా సిస్టరుగారూ?"

"ఉన్నానండీ. చెప్పండి."

"ఎలా గడిచిందంటే..." అని మొదలుపెట్టి ఆయన ఆపకుండా చెప్పుకొచ్చాడు. పొయ్యి ముందు నిలబడి నిలబడి సాయంత్రానికి ఒళ్ళు పులిసిపోతుందట. ఆ సమయానికే పాత స్నేహితుడొకడు కొట్టు ముందు తచ్చాడుతాడట. ఆ వారంలో వాడాడు, ఆ ముందు వారం కూడా. "ఇన్నాళ్ళూ చెప్పలేదండీ. మీరు అంత సంతోషంగా అడుగుతుంటే, పాపం చిన్నబుచ్చుకుంటారని."

ఫోను పెట్టేసి నర్సమ్మ మాస్టారి వైపు తిరిగి వెలిగిపోతున్న మొహంతో "వాడాడటండీ!" అంది. పక్క గదిలోవాళ్ళు ఎవరికో పెళ్ళి కుదిరిందనుకుని ఉంటారు. అంత మంచి లెక్కలు అలా మట్టిగొట్టుకుపోతుంటే సంబరపడిన మనిషి ఆ కేంద్రంలో మరొకరు లేరు. కానీ సాయంత్రం వస్తే కొట్టు ముందు ఎవరు నిలబడతారో తెలిస్తేగదా, ఆ మనిషికి ఏం చెయ్యాలో తెలిసేది. వెంటనే ఆయనకి మళ్ళీ ఫోను చేసి, ఇకమీదట వేళ మార్చి, పొయ్యి ఆర్పే సమయానికే చేస్తానని చెప్పింది. ఆయన సరేనన్నాడు.

ఆ తరవాత ఎక్కడికెళ్ళినా ఆమెకి కదాలే వినిపించసాగాయి. "చిల్లర ఉంది కదా" అంటాడు బస్సు కండక్టరు. "ఇప్పుడు నొప్పి లేదు కదా" అని పెద్ద డాక్టరుగారు మంచం మంచానికీ తిరుగుతుంటే, రోగులందరూ బుద్ధిగా తలలూపుతున్నారు. ఇంటి పక్కావిడ కూతుర్ని ముందు పెట్టుకుని "నీకు ఈ సంబంధం ఇష్టమే కదా" అంటోంది. నర్సమ్మ నవ్వాపుకోలేక గబగబా తలుపు తీసుకుని లోపలికి పోయింది. చెప్పులు విప్పుతూ అలవాటుగా "అన్నయ్యా, మాత్ర వేసుకున్నావు కదా?" అంది.

"ఊఁ," అని వినిపించింది లోపల్నుంచి.

ఆమె ఒక చెప్పు విప్పి, ఒక చెప్పు కాలికి ఉంచుకుని అలాగే నిలబడిపోయింది.

మర్నాడు అడుగుదామనుకుంది. అడగలేదు. ఆ మర్నాడు "మాత్ర" అని మొదలుపెట్టింది, "కదా" దానంతట అదే వచ్చి తోకలా అతుక్కుంది. ఊరందరి నిజాలూ తెలుసుకోవాలని తహతహలాడే మనిషికి సొంత ఇంటి నిజం అడగడానికి ధైర్యం చాలలేదు. అడగనంతవరకు అన్నయ్య బాగానే ఉన్నాడు. అడిగితే ఏమవుతాడో.

ఆదివారం మధ్యాహ్నం ఆయన వరండాలో ఇస్త్రీపెట్టె విప్పుకుని కూర్చున్నాడు. ఆమె వెళ్ళి ఎదురుగా నేలమీద కూర్చుంది.

"అన్నయ్యా, మందు సంగతి ఎలా ఉంది?"

స్క్రూడ్రైవరు ఆగింది. ఆయన తలెత్తలేదు. ఆమె రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, పెదాలు బిగించి కూర్చుంది.

"మానేశాను," అన్నాడాయన చివరికి.

"చెప్పు."

"పాత మేస్త్రీ మళ్ళీ పనికి పిలిచాడు. తెల్లారకముందే సైటు దగ్గర ఉండాలి. ఆ కేంద్రం తలుపులు తీసేది ఆ తరవాతే. నేను చీకటితోనే బయల్దేరితే, అక్కడ లైన్లో ముందు నిలబడ్డానికే అనుకున్నావు. ఊళ్ళో లేనని వాళ్ళకి చెప్పాను. నీతో చెబితే పనికి వద్దంటావు. మళ్ళీ ఆ గుంటలోకి దిగి, తీగలు పట్టుకుని నిలబడితే ఎన్నాళ్ళకో నేను నాలా ఉన్నానే. మానేశాక మొదట్లో ముక్కు కారింది, కాళ్ళు లాగేశాయి, నిద్ర లేదు. ఇప్పుడు అవి తగ్గాయి గానీ, నడుం నొప్పి చంపుతోంది."

"జలుబన్నావు నాతో!"

"నేనెక్కడన్నాను? 'వానలో తడిశావు కదా, జలుబు చేసింది కదా' అన్నావు. ఊఁ అన్నాను."

"మాత్ర వేసుకున్నానని రోజూ అబద్ధం..."

"వేసుకున్నానని ఒక్కరోజైనా నా నోటితో అన్నానా? నువ్వే అంటావు. అలిసిపోయి వచ్చి, గుమ్మంలో నిలబడి, ఆ మొహం పెట్టుకుని అంటావు. నేనేం చెయ్యను? ఊఁ అంటాను."

ముక్కు కారడం, కాళ్ళు లాగడం, నిద్ర లేకపోవడం. కొత్తగా చేరిన వాళ్ళకి ఆ లక్షణాలు పాఠంలా చెప్పేది నర్సమ్మే. ఇంట్లో అన్నీ కళ్ళముందు జరుగుతుంటే అల్లం కషాయం కాచి ఇచ్చింది.

ఆయన చొక్కా జేబులోంచి నొప్పి బిళ్ళల అట్ట ఒకటి తీసి ఇద్దరి మధ్యా పెట్టాడు. "నిన్న సైట్లో ఒకడిచ్చాడు. ఇంకా ముట్టుకోలేదు. ఈ రాత్రికి వేసుకుందామనుకున్నా."

"ఎన్ని?"

"ఎప్పుడూ వేసుకునేన్నే."

ఆమెకి అరవాలనిపించింది, చెంప పగలగొట్టాలనిపించింది, కాళ్ళమీద పడి ఏడవాలనిపించింది. నీకోసం నేను ఇంత చేస్తే, అని నాలుక చివరిదాకా వచ్చింది. అన్నీ మింగింది.

"నాకు తెలిసింది ఒకటి చెప్పనా?"

"చెప్పు," అన్నాడు.

చెప్పింది. ఇన్నాళ్ళు ఖాళీగా ఉన్న ఒంటికి పాత లెక్క ఎందుకు పనికిరాదో, అది నొప్పితోపాటు ఊపిరిని కూడా ఎలా ఆపుతుందో, ఏ పరాయివాడికైనా చెప్పినట్టే ఒక్కో మాటా నెమ్మదిగా చెప్పింది. ఆయన ఆ అట్టని ఆమె వైపు తోశాడు.

"నెలకోసారి సూది అంటుంటావే. అదైతే పొద్దున్నే లైన్లో నిలబడక్కర్లేదుగా. నాలాంటివాడికి వేస్తారా?"

"తెలీదు. మీ డాక్టర్ని ఇప్పుడే అడుగుదాం."

ఆదివారమైనా అన్నయ్య కేంద్రంలోని డాక్టరమ్మ ఫోనెత్తింది. ఏమీ మింగవద్దని, ఆరింటికల్లా ఇద్దర్నీ రమ్మని, మాత్ర మొదలుపెట్టి ఆ తరవాత సూది సంగతి చూద్దామని చెప్పింది. నర్సమ్మ ఫోను పక్కన పెట్టింది. అప్పటికిగాని అన్నయ్య ఆమె వైపు సరిగ్గా చూడలేదు.

"భయపడ్డావా?" అన్నాడు.

ఆయన పడ్డనాటి నుంచీ ఎవరడిగినా "నాకేం భయం" అనే అంటూ వచ్చింది. ఆసుపత్రి వరండాలో కూడా అదే అంది.

"చాలా," అంది.

అన్నయ్య విప్పిన ఇస్త్రీపెట్టెని పక్కకి జరిపి, నడుం పట్టుకుని, మెల్లగా ఆమె దగ్గరికి జరిగి కూర్చున్నాడు. ఊరుకోమని అనలేదు, నాకేం కాదనీ అనలేదు. ఆమె మొహంలోకి చూస్తూ ఊరికే కూర్చున్నాడు. కాసేపటికి నర్సమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుని, ఆయన పడిపోయాడని ఫోనొచ్చిన రోజు నుంచి చెప్పడం మొదలుపెట్టింది.