లిఫ్టాయనకు పడని సినిమాలు

లిఫ్టాయన వృత్తి లిఫ్టులు బాగుచేయడం, ప్రవృత్తి సినిమాలు పాడుచేయడం. మొదటిది వారానికి ఆరు రోజులు, రెండోది ఆదివారం మధ్యాహ్నం. భోజనాలయ్యాక అందరూ ముందుగదిలో టీవీ దగ్గర చేరేవారు. సోఫాకి ఈ చివర భార్య, ఆ చివర కూతురు, కింద దిండుకి ఆనుకుని అల్లుడు, రిమోటుతో సహా కుర్చీలో ఆయన. రెండు వీధుల అవతల కాపురం ఉండే అల్లుడికి యాక్షన్ సినిమాలంటే ప్రాణం. యాక్షన్ సినిమాలు తీసేవాళ్ళకు లిఫ్టులంటే ప్రాణం. ఈ రెండు ప్రాణాలూ కలిసి లిఫ్టాయన ప్రాణం తీసేవి.

సినిమా మొదలైన అరగంటకో ముప్పావుగంటకో ఎవడో ఒక విలన్ లిఫ్టు తాడు తెంపేవాడు. లిఫ్టు పదో అంతస్తు నుంచి రాయిలా జారేది. అది నేలను తాకేలోపే లిఫ్టాయన సినిమా ఆపేసి టీవీకి అడ్డంగా నిలబడేవాడు. "లిఫ్టు పడదు" అనేది ఉపన్యాసంలో మొదటి వాక్యం. ఒంటితాడు మీద వేలాడే లిఫ్టు ఎక్కడా ఉండదనీ, ఐదారు తాళ్ళుంటాయనీ, అన్నీ తెగినా సరే వేగం మితిమీరగానే అడుగునున్న దవడలు రెండుపక్కల పట్టాలనూ కరిచి పట్టుకుంటాయనీ చెప్పి, పది వేళ్ళతో గాలిని కరిచి చూపించేవాడు. ఇది యాక్షన్ కాదు, లిఫ్టుల మీద కక్ష అని ముగించేవాడు. అప్పటికి టీలు చల్లారేవి. హీరో విలన్‌ని తరుముతున్నాడో, విలనే హీరోని తరుముతున్నాడో ఎవరికీ గుర్తుండేది కాదు.

అల్లుడు ఫిజియోథెరపిస్టు. పగలల్లా జనాల మోకాళ్ళు వంచడం అతని పని. అయినా మూడో అంతస్తు నుంచి దూకి పరుగెత్తే హీరోను చూసి అతనెన్నడూ సినిమా ఆపింది లేదు. అదేమిటని మామగారు నిలదీస్తే, ఆ మోకాళ్ళు తన దగ్గరికి రావు కాబట్టి తనకే బాధా లేదన్నాడు. లిఫ్టాయనకు ఆ జవాబు మింగుడుపడలేదు. ఆయనకు పడనివి చాలానే ఉన్నాయి, లిఫ్టుతో కలిపి.

ఇన్ని పడనివాటి మధ్య ఆయన నెత్తిన పెట్టుకున్న సినిమా ఒకే ఒక్కటి. పెళ్ళికి ముందు, పని నేర్చుకునే రోజుల్లో ఒక ఉదయం ఆటకు వెళ్ళి చూసిన పాత నలుపు తెలుపు సినిమా. ఒక ఆఫీసులో టైపిస్టు, అదే మేడ మీద టెలిఫోను ఆపరేటరు అమ్మాయి, ఇద్దరి మధ్యా చెప్పుకోలేని ప్రేమ. ప్రతి యాక్షన్ సినిమా చివరా ఆయన ఈ సినిమా ముగింపు చెప్పేవాడు. బయట వాన. ఆమె కిటికీ తెరుస్తుంది. కింద వీధిలో అతను, చేతిలో ఆమె మరిచిపోయిన గొడుగు. అది విప్పుకోకుండా తడుస్తూ నిలబడి ఉంటాడు. ఒక్క మాట ఉండదు. అంతే, హాల్లో లైట్లు వెలుగుతాయి. అదీ సినిమా అంటే, అనేవాడు.

చిక్కేమిటంటే, ఆ ముగింపు ఆయన చూడలేదు.

సినిమా ఇంకో ఇరవై నిమిషాలుందనగా తెర మీద గాజు పలక స్లైడు ఒకటి వేశారు. 'లిఫ్టు మెకానిక్ వెంటనే గేటు దగ్గరికి రావలెను' అని చేత్తో రాసిన అక్షరాలు. ఏదో ఆఫీసు లిఫ్టు ఇరుక్కుంది. ఆయన పరుగెత్తాడు. మర్నాటికి ఆ హాల్లో బొమ్మ మారిపోయింది. పనిలో ఉన్నవాళ్ళు సినిమా ఎలా ఉందని అడిగితే, సగంలో లేచివచ్చానని చెప్పుకోవడం నామోషీ అనిపించి, ఒక కిటికీ తెరిచాడు. వాన పెళ్ళయిన ఏడు చేరింది. గొడుగు కూతురు పుట్టాక వచ్చింది. ఇరవై ఆరేళ్ళు చెప్పగా చెప్పగా ఆయనకే ఆ వానలో తడిసిన జ్ఞాపకం ఏర్పడింది.

అటువంటి సినిమాను కూతురు టీవీలో ఎక్కడో వెతికి పట్టుకుంది. నాన్న సంతోషిస్తాడనుకుంది. నాన్న ముఖం కరెంటు పోయిన లిఫ్టులా ఆగిపోయింది.

అల్లుడు వెంటనే ఒప్పందం పెట్టాడు. వచ్చే ఆదివారం ముందు తన యాక్షన్ సినిమా. రిమోటు తన చేతిలో, మామగారి నోరు మామగారి చేతిలో. తర్వాత మామగారి సినిమా, అందరూ ఫోన్లు లోపలి గదిలో పెట్టి చివరిదాకా చూస్తారు. ముగింపు ఆయన చెప్పినంత గొప్పగా ఉంటే ఇకమీదట ఆదివారం సినిమా ఏదో ఆయనే చెబుతాడు. కాకపోతే ఈ ఇంట్లో ఆయన సినిమాల మీద అభిప్రాయం చెప్పడానికి వీల్లేదు. భార్య, కూతురు పోటీపడి చేతులెత్తారు.

అభిప్రాయం లేని ఆదివారం ఎలా ఉంటుందో లిఫ్టాయన ఊహించలేకపోయాడు. ఆ వారమంతా తప్పించుకునే దారులు వెతికాడు. కళ్ళు మంటలన్నాడు. భార్య చుక్కల మందు వేసింది. ఆదివారం అత్యవసరంగా పిలుపొస్తుందేమో అన్నాడు. ఆవిడ కంపెనీకి తనే ఫోన్ చేసి, ఆ రోజు ఆయన లేడనుకోమంది.

ఆదివారం వచ్చింది. యాక్షన్ సినిమాలో లిఫ్టు మూడుసార్లు పడింది. మూడోసారి అందులో ఒక కారు కూడా ఉంది. లిఫ్టాయన సోఫా దిండు లాక్కుని ఒళ్ళో పెట్టుకుని పిసికాడు. దవడలు బిగించాడు. చెవులు ఎర్రబడ్డాయి. నోరు మాత్రం పెగల్లేదు. అల్లుడు వెనక్కి తిరిగి, మామయ్యా ఊపిరి తీసుకోండి అన్నాడు, అదీ వైద్యుడి గొంతుతో.

తర్వాత పాత సినిమా. పది నిమిషాలకే అల్లుడు దిండు వదిలి నిటారుగా కూర్చున్నాడు. టైపిస్టు ఆఫీసు కాగితం చివర ఒక అక్షరం ఎక్కువ కొట్టి పైకి పంపితే, ఆపరేటరు దాన్ని చదివి నవ్వే చోట కూతురు చప్పట్లు కొట్టింది. ఇంట్లో తన మాట ఇలా నెగ్గుతూ ఉండగా చూసే భాగ్యం లిఫ్టాయనకు ఎన్నడూ కలగలేదు. అయినా ఆనందించలేకపోయాడు. గాజు పలక పడిన చోటు దగ్గరికొచ్చింది. దాటింది. అక్కడి నుంచి ఆయనా అందరిలాగే కొత్త ప్రేక్షకుడు.

వాన లేదు. ఎండ కాస్తోంది. ఆపరేటరు కిటికీ వైపు వెళ్ళనే లేదు. ఉద్యోగం మానేసి, సంచి భుజాన వేసుకుని, వసారా చివరికి నడిచి, లిఫ్టెక్కింది. లిఫ్టాయన గుండె జారింది. తెర మీద తాడు కనిపించింది. ఒకే ఒక్క తాడు. పోగు తర్వాత పోగు తెగింది. లిఫ్టు పడింది.

ఆయన లేచి టీవీకి అడ్డంగా నిలబడ్డాడు. రిమోటు లేదు కాబట్టి వెనక సినిమా నడుస్తూనే ఉంది.

"ఒక్క తాడా? ఎవడు బిగించాడు ఆ లిఫ్టుని? దవడలేవి? ఆ కాలంలోనూ దవడలున్నాయి, మా గురువుగారు వాటికి నూనె పెట్టినవాడే. ఆ రోజు నన్ను హాల్లోంచి పిలిపించకపోయుంటే, అక్కడే లేచి ఆపించేవాణ్ణి ఈ బొమ్మని."

అన్నాక ఆయనకు వినబడింది, తానేమన్నాడో.

"హాల్లోంచి పిలిపించారా?" అంది భార్య.

ఆయన అవునన్నట్టు తల ఊపాడు.

"అయితే ఆ వాన?"

"నేనే కురిపించాను."

"గొడుగు?"

"అదీ నాదే."

భార్య కొంగుతో కళ్ళద్దాలు తుడుచుకుంది. "ఇన్నేళ్ళూ వంటింట్లో ఆ గొడుగు మనిషిని తలుచుకునే నేను మీ ఉపన్యాసాలు భరించానండీ" అంది. కోపమో ఏమో ఆయనకు అంతుపట్టలేదు. కూతురు నవ్వాపుకోలేక మొహం దిండులో దాచుకుంది. అల్లుడు మాత్రం నవ్వలేదు. అతని కళ్ళు తడిగా ఉన్నాయి.

"పక్కకి జరగండి మామయ్యా. ఆ అమ్మాయి బతికిందో లేదో చూడనివ్వలేదు మీరు."

ఆయన జరిగాడు. తెర మీద 'శుభం' అన్న అక్షరాలు కనిపిస్తున్నాయి.

తీర్పు చెప్పడానికి ఎవరికీ ఎక్కువసేపు పట్టలేదు. ముగింపు గొప్పదో కాదో ఎవరూ చూడలేదు కాబట్టి, ఆ చూడనివ్వని పాపం ఆయనదే కాబట్టి, ఆయన ఓడినట్టే. ఇవాళ్టి నుంచి అభిప్రాయాలు బంద్. లిఫ్టాయన ఒప్పుకున్నాడు. ఒప్పుకోక ఏం చేస్తాడు? కానీ వెనక్కి తిప్పి ఒక్కసారి వేయమని బతిమాలాడు. ఒక్క శబ్దం వినబడినా ఆపేస్తానని భార్య హెచ్చరించి అల్లుడికి సైగ చేసింది.

తాడు మళ్ళీ తెగింది. లిఫ్టు మళ్ళీ పడింది. ఆయన పడనిచ్చాడు.

దుమ్ము తగ్గింది. కింది అంతస్తులో మూసుకుపోయిన లిఫ్టు తలుపు ముందు టైపిస్టు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. తలుపు విరగ్గొట్టబోయిన జనాన్ని ఆపాడు. లిఫ్టు తాళంచెవి తెచ్చేదాకా ఎవరూ ముట్టుకోవద్దన్నాడు. తలుపుకి చెవి ఆనించి, లోపలున్నామెతో, లేవకు, గోడకి ఆనుకుని కూర్చో, నేనిక్కడే ఉన్నాను అన్నాడు. సినిమా మొత్తంలో అతను ఆమెతో నోరు విప్పి అన్న మొదటి మాటలవే. లోపలి నుంచి వేలితో తట్టిన చప్పుడు వచ్చింది. అతను తిరిగి తట్టాడు. సినిమా అయిపోయింది.

లిఫ్టాయన కదల్లేదు. తాడు తప్పు, దవడలు తప్పు, కానీ ఆ తలుపు దగ్గర ఆ కుర్రాడు చేసిన ప్రతి పనీ ఒప్పు. అలా కూర్చునేవాణ్ణి ఏ సినిమాలోనూ ఆయన చూడలేదు. తన వానా గొడుగూ దాని ముందు ఎందుకూ కొరగావని చెప్పాలనిపించింది. గంటసేపు చెప్పాలనిపించింది. ముగ్గురూ తలలు తిప్పి ఆయన్నే చూస్తున్నారు.

ఆయన నోరు తెరిచాడు. భార్య వేలు పెదవుల మీద పెట్టి చూపించింది. మాట గొంతు దాకా వచ్చి, రెండంతస్తుల మధ్య ఇరుక్కుపోయింది.