రెండో గేరు

భీమారావు ఎడమకాలికి మేజోడు తొడిగి, దాని మీద ప్లాస్టిక్ బ్రేసు పెట్టి, పట్టీలు మరీ బిగుసుకోలేదు కదా అని వేలు దూర్చి చూసి, ఆపైన బూటు ఎక్కించేసరికి సుగుణకి నడుము పట్టేసింది. మంచం పట్టుకుని మెల్లగా లేచింది.

"తొందరగా కానియ్. ఆలస్యమైతే మంచి చోటు దొరకదు," అన్నాడతను ఫోన్లోంచి తలెత్తకుండా.

పోయిన చలికాలంలో వెన్నుపూస ఆపరేషన్ అయిన దగ్గర్నుంచి అతని ఎడమ పాదం పైకి లేవడం మానేసింది. నరం దెబ్బతిందన్నారు డాక్టర్లు. నెమ్మదిగా నడుస్తాడు. ఆటోమేటిక్ కారైతే నడుపుకుంటాడు కూడా. క్లచ్ మాత్రం తొక్కలేడు. గరాజులో దుప్పటి కప్పుకుని కూర్చున్న ఆకుపచ్చ కారుకి క్లచ్ కావాలి.

అది వాళ్ళిద్దరూ ఇంకా బళ్ళో చదువుకునే రోజుల్లో ఇంగ్లండులో తయారైన స్పోర్ట్స్ కారు. రెండే సీట్లు, మీద గుడ్డ టాపు. ఆయిల్ కంపెనీలో రిటైరయ్యాక తాముండే కాల్గరీ ఊళ్ళోనే ఒక ముసలాయన దగ్గర కొన్నాడు. దాని రెండో గేరు మహా మొండిది. లోపల ఇత్తడి రింగులు అరిగిపోయాయి. అందుకని క్లచ్ తొక్కి న్యూట్రల్లోకి తెచ్చి, క్లచ్ వదిలి, మళ్ళీ తొక్కి, అప్పుడు రెండో గేరులోకి లాగాలి. మూడులోంచి రెండుకి దించేటప్పుడైతే మధ్యలో యాక్సిలరేటర్ తొక్కి కాస్త గ్యాస్ కూడా ఇవ్వాలి. రవ్వంత తేడా వచ్చినా ఒళ్ళు జలదరించేలా కరకరమని అరుస్తుంది. రింగులు మార్పించొచ్చు కదా అని ఒకసారి సుగుణ అంటే, "అప్పుడిక దాని క్యారెక్టర్ ఏం మిగుల్తుంది?" అన్నాడు. ఆ మాట ఆమెకి చాలా రోజులు గుర్తుండిపోయింది. కారు మాట వినకపోతే క్యారెక్టర్. తను వినకపోతే మాత్రం, "మీ నాన్న మొండితనమంతా నీకే వచ్చింది."

మంచు కరిగాక ఒకరోజు గరాజులో నిలబడి, "నువ్వు డ్రైవింగ్ సీట్లో కూచో. పక్కనుంచి గేరు నేను వేస్తా," అన్నాడు. సరదాకి అంటున్నాడనుకుని సుగుణ నవ్వింది. అతను నవ్వలేదు. అప్పట్నుంచీ అలాగే సాగుతోంది. స్టీరింగ్ ఆమెది, బ్రేకూ గ్యాసూ ఆమెవి, క్లచ్ ఆమెది. గేరు రాడ్డు మాత్రం అతనిది. "క్లచ్. వదులు. మళ్ళీ క్లచ్!" అని కేకలేస్తాడు. గేరు మెత్తగా పడితే, "అదీ! దాని నాడి తెలియాలి," అని తన చేతిని తనే మెచ్చుకుంటాడు. కరకరమంటే ఆమె కాలిది తప్పు.

అసలు సుగుణ గేర్ల జోలికి పోకుండా చేసింది అతనే. ఈ దేశానికి వచ్చిన కొత్తలో ఒక పాత కారులో, ఖాళీ పార్కింగ్ లాట్‌లో ఆమెకి డ్రైవింగ్ నేర్పాడు. కారు ఆగిపోయినప్పుడల్లా, "కుట్టుమిషన్ అనుకున్నావా, అలా తొక్కుతావేంటి?" అని అరిచేవాడు. ఆమె ఏడ్చింది. ఆ ఏడుపు అతనికి ఎన్నో ఏళ్ళు పనికొచ్చింది. ఎవరింటికి భోజనానికి వెళ్ళినా కుట్టుమిషన్ కథ చెప్పేవాడు, అందరూ నవ్వేవాళ్ళు. ఆమె ఆటోమేటిక్ నేర్చుకుని, కూతురు చరితని స్విమ్మింగుకి తీసుకెళ్ళింది, అత్తగారిని డయాలసిస్‌కి తీసుకెళ్ళి తీసుకొచ్చింది, ఎదురుగా ఏమీ కనిపించని మంచులో హాస్పిటల్ ల్యాబ్‌లో డ్యూటీకి పోయొచ్చింది. దాన్నెవరూ డ్రైవింగ్ అనలేదు. అది ఇంటి పనుల్లో ఒకటి, అంతే. "సుగుణ కూడా నడుపుతుందిలెండి, ఆటోమేటిక్," అనేవాడు భీమారావు.

ఆ ల్యాబ్ ఉద్యోగానికి ఇప్పుడు ఆమె సెలవు పెట్టి ఉంది, అతని ఆపరేషన్ కోసం. మొన్న మేనేజర్ ఫోన్ చేసి, తిరిగి వస్తావా రావా, సోమవారానికల్లా చెప్పమంది. ఆ సంగతి చెబితే భీమారావు టీవీ సౌండైనా తగ్గించలేదు. "రానని చెప్పెయ్. పెన్షన్ వస్తుందిగా. సమ్మరంతా పాత కార్ల షోలున్నాయి, శనివారాలు ఎవరు తీసుకెళ్తారు? ఆ రక్తం ట్యూబుల దగ్గర నీకేముంది మాత్రం?" అన్నాడు. ఏముందో చెప్పాలనుకుంది. అక్కడ తను చూసి రాసిన అంకెని డాక్టర్లు నమ్ముతారు. 'నీ టైమింగ్ తప్పు' అనరు. కానీ అతను అడిగింది జవాబు కోసం కాదు. టొరంటోలో ఉన్న చరితకి ఫోన్ చేస్తే, "అమ్మా, హీ సీమ్స్ సో హ్యాపీ విత్ ద కార్. జస్ట్ దిస్ సమ్మర్, ప్లీజ్?" అంది. ఈ ఇంట్లో ఒక మనిషి సంతోషంగా ఉన్నాడంటే ఇక మిగతావాళ్ళ సంగతి అడగక్కర్లేదు కాబోలు.

ఆ శనివారం షో కాక్రేన్ ఊళ్ళో. దారి పొడుగునా ఆవచేలలాంటి కనోలా చేలు పసుపుపచ్చగా మెరుస్తున్నాయి. పక్క రాష్ట్రంలో అడవులు తగలబడుతున్నాయేమో, కొండల మీద పొగ కమ్ముకుని ఉంది. షో మైదానంలో భీమారావుతో కలిసి పనిచేసిన గోపీకృష్ణ ఎదురొచ్చాడు. సుగుణ డ్రైవింగ్ సీట్లోంచి దిగడం చూసి, "వదినగారూ, ఈ కారు మీరు నడిపారా? అమ్మో!" అన్నాడు నిజమైన ఆశ్చర్యంతో.

సుగుణ నోరు తెరిచేలోపే భీమారావు అందుకున్నాడు. "నడిపేది నేనేనయ్యా! ఆవిడ ఎడమకాలు అద్దెకిచ్చింది, అంతే."

గోపీకృష్ణ పగలబడి నవ్వాడు. అలవాటు కొద్దీ సుగుణ కూడా నవ్వింది. ఆ నవ్వు తన చెవికే వినపడి మొహం మాడిపోయింది. ఇన్నేళ్ళుగా తనమీద వేసిన ప్రతి జోకుకీ ముందుగా నవ్వింది తనే కదా. అతను చెప్పే కథలకి సాక్షి సంతకం పెట్టినట్టు. తర్వాత ఫోటో తీయడానికి ఎవరో వచ్చారు. భీమారావు అవస్థపడుతూ డ్రైవింగ్ సీట్లోకి జారి, స్టీరింగ్ మీద రెండు చేతులూ పెట్టాడు. "సుగుణా, నువ్వు కొంచెం పక్కకి జరుగు. నీ నీడ పడుతోంది," అన్నాడు. ఆమె జరిగింది. మధ్యాహ్నం దాకా ఎండలో మడతకుర్చీలో కూర్చుంది. వచ్చిన ప్రతివాళ్ళకీ అతను రెండో గేరు గురించి చెబుతూనే ఉన్నాడు. ఆడవాళ్ళలాగే బుజ్జగిస్తే తప్ప లొంగదట.

తిరుగు ప్రయాణంలో కాక్రేన్ దాటగానే పెద్ద ఎత్తు ఉంది. ముందు చక్రాల మీద ఇల్లులాంటి కాంపర్ ట్రైలర్ ఒకటి ఆయాసపడుతూ ఎక్కుతోంది. వెనక పికప్ ట్రక్ ఒకటి దాదాపు ఆనుకుని వస్తోంది. కారు వేగం పడిపోయింది. మూడో గేరులో ఇంజిన్ దగ్గడం మొదలుపెట్టింది.

"రెండుకి దించుతున్నా. క్లచ్!" అన్నాడు భీమారావు.

తొక్కింది. రాడ్డు న్యూట్రల్లోకి వచ్చింది. ఆమె క్లచ్ వదిలి గ్యాస్ ఇవ్వబోతుంటే, అతను అప్పటికే రాడ్డుని రెండో గేరు వైపు లాగుతున్నాడు. కారంతా అదిరేలా కరకరమంది. "క్లచ్, క్లచ్! ఏం చేస్తున్నావ్?" అంటూ మళ్ళీ లాగాడు. మళ్ళీ అదే అరుపు. కారు ఆగింది. ఆగి, వెనక్కి జారబోయింది. సుగుణ బ్రేకు తొక్కింది. వెనక పికప్ హారన్ మోగిస్తోంది.

"నీ టైమింగే! ఎన్నిసార్లు చెప్పినా ఆ కాలికి బుద్ధి రాదు! అప్పుడూ ఇంతే, ఇప్పుడూ ఇంతే!" అంటూ రాడ్డుని ఇంకా కుళ్ళబొడుస్తూనే ఉన్నాడు.

సుగుణ హ్యాండ్‌బ్రేక్ లాగింది. భయం వెయ్యలేదు. తన కాలు తప్పు చెయ్యలేదని ఆమెకి స్పష్టంగా తెలుసు. ఆ సంగతి ఈ వేసవంతా తెలుసు. బహుశా ఆ పార్కింగ్ లాట్‌లో కూడా తెలిసే ఉంటుంది. తెలిసి కూడా ఏడ్చింది. అతని మణికట్టు పట్టుకుని, రాడ్డు మీదున్న చేతిని ఎత్తి అతని ఒళ్ళో పెట్టింది.

"చెయ్యి తియ్యండి," అంది.

"ఏంటి? నీకు రాదు సుగుణా, అది నాకే..."

ఆమె క్లచ్ తొక్కి మొదటి గేరు వేసింది. హ్యాండ్‌బ్రేక్ వదులుతూ గ్యాస్ ఇచ్చింది. కారు జారకుండా ముందుకి కదిలింది. ఇంజిన్ చప్పుడు పెరిగింది. క్లచ్, న్యూట్రల్. వదిలింది. ఆ ఒక్క క్షణం ఆగింది, ఎవరి కేక కోసమూ కాదు, ఇంజిన్ కోసం. మళ్ళీ క్లచ్ తొక్కి రాడ్డుని వెనక్కి లాగింది. రెండో గేరు చప్పుడు చెయ్యకుండా పడింది.

కారు ఎత్తు ఎక్కుతుంటే ఆమెకి ఒళ్ళంతా తేలికైపోయింది. ఇంజిన్ లాగుతున్న బలం అరికాళ్ళకి తెలుస్తోంది. ఇది ఇంత బాగుంటుందా! ఇన్నాళ్ళూ అతను అనుభవిస్తున్నది ఇదన్నమాట. చరిత చిన్నప్పుడు, తనకి ముప్ఫై నిండనప్పుడు, ఈ దేశపు రోడ్లన్నీ ఇలా ఎక్కి ఉండొచ్చు తను. మిట్ట మీద మూడో గేరు వేసింది. అదీ పడింది.

ఊరు దగ్గరపడ్డాక భీమారావు గొంతు సవరించుకున్నాడు.

"చూశావా, వేసవంతా నేను అలవాటు చేస్తే ఎలా దారికొచ్చిందో! గోపీకి చెప్పాలి."

దారికొచ్చింది కారా, తనా అని సుగుణ అడగలేదు. ఏది అన్నా అతనికి ఒకటే. వచ్చే శనివారం తను ఎంత చక్కగా నడిపినా సరే, అది అతను నేర్పిన విద్య అవుతుంది. ఈ కారులో తను చేసే ప్రతి మంచి పనీ అతని ఖాతాలోకే పోతుంది. ఇష్టం పుట్టిన రోజే దాన్ని వదులుకోవాలని తెలిసిపోయింది ఆమెకి. అది ఆమెకి చేదుగానే ఉంది. కానీ ఆ చేదులో అనుమానం లేదు.

గరాజులో ఇంజిన్ ఆపి, అటువైపు తిరిగొచ్చి, అతని చంకల కింద చేతులు వేసి పైకి లేపింది. అతను తలుపు పట్టుకుని నిలదొక్కుకునేదాకా ఆగింది.

"సోమవారం మేనేజర్‌కి ఫోన్ చేస్తున్నాను. డ్యూటీలో చేరతానని," అంది.

"అదేంటి, మరి శనివారాలు?"

"నాకు శనివారం డ్యూటీయే వెయ్యమని అడుగుతాను," అంది సుగుణ.