ఏం అడిగినా అవునను

పరీక్ష రెండుసార్లు తప్పి మూడోసారి గట్టెక్కితే, మ్యూచువల్ ఫండ్లు అమ్మే లైసెన్సు చిట్టి చేతికొచ్చింది. కొనేవాళ్ల మేలే ముందు చూడాలని దాని కోసం బట్టీ పట్టింది. ఆఫీసులో చేరిన రోజే మేనేజరు వేరే పాఠం చెప్పాడు.

"ముందు మీ వాళ్లకే అమ్ము. బయటివాళ్లయితే సవాలక్ష ప్రశ్నలేస్తారు."

ఒళ్లు మండింది చిట్టికి. మండినా సరేనంది. నెలాఖరులోగా ఒక్క ఫండైనా అమ్మకపోతే ఉద్యోగం ఊడుతుంది.

అందుకే ఇవాళ పిన్ని కుట్టుగదిలో కూర్చుంది. పక్కనే మేనేజరు, సొంత ఇల్లయినట్టు కాలు మీద కాలేసుకుని. పిన్ని బట్టలు కుట్టి కుట్టి, వచ్చే ఏడాది కొట్టు తెరవాలని దాచుకున్న డబ్బు ఐదేళ్లు కదపడానికి వీల్లేని ఫండులోకి వెళ్లబోతోంది. వద్దని చెప్పాల్సిన చిట్టే పొద్దున ఆవిడకు నూరిపోసింది, కంపెనీ వాళ్లు ఫోన్ చేసి రికార్డు చేసుకుంటారు, ఏం అడిగినా అవునను అని.

ఫోను మోగింది. పిన్ని మిషను ఆపి స్పీకరు నొక్కింది.

"ఐదేళ్ల దాకా ఈ డబ్బు తీయలేరు. తెలుసాండీ?" అడిగింది కంపెనీ అమ్మాయి.

"అవునండీ."

"పెట్టింది కూడా తగ్గిపోవచ్చు. తట్టుకోగలరా?"

పిన్ని చేతిలో గుడ్డ నలిగింది. "అవునండీ."

మేనేజరు భేషని బొటనవేలు ఎత్తాడు. ఆ వేలు విరిచేయాలనిపించింది చిట్టికి. ఫోను లాక్కుని, "ఒక్క నిమిషమండీ" అని మ్యూట్ నొక్కింది.

"పిన్నీ, ఐదేళ్లంటోంది! కొట్టు సంగతేంటి? వినబడిందా అసలు?"

"నాకేం చెవుడా?" పిన్ని కస్సుమంది. "కొట్టు లేకపోతే ఈ గదిలోనే కుట్టుకు చస్తా. నీకు మాత్రం ఇంకో ఉద్యోగం ఎవడిస్తాడే? ఇలా తే."

పిన్నికి ఏమీ తెలియదని, తానే మోసం చేస్తున్నానని ఇంతసేపూ కుమిలింది చిట్టి. తెలిసే ఇచ్చేస్తోంది ఈ మహాతల్లి! మేనేజరు మీద, పిన్ని మీద కోపం ముంచుకొచ్చింది. అందరికన్నా ఎక్కువ తన మీదే వచ్చింది.

"అయినవాళ్లంటే ఇలా ఉండాలమ్మా" అని మురిసిపోయాడు మేనేజరు.

పిన్ని ఫోను అందుకుని మ్యూట్ తీసింది.

"ఆఖరి ప్రశ్నండీ. ఈ జవాబులు మీకెవరైనా నేర్పారా?"

మేనేజరు గాభరాగా చెయ్యి అడ్డంగా ఊపాడు. ఆయన సైగతో పిన్నికి పనే లేదు. "అబ్బే, నాకెవరు నేర్పుతారండీ!" అంది తడుముకోకుండా.

చిట్టి ఫోను మీదికి వంగింది.

"నేర్పారండీ. నేనే నేర్పాను. నా లైసెన్సు నంబరు చెప్తా, రాసుకోండి."

"నీకేమైనా పిచ్చా?" మేనేజరు ఎగిరి లేచి ఫోను అందుకోబోయాడు. పిన్ని దాన్ని చటుక్కున ఒళ్లోకి లాక్కుంది. "దాన్ని చెప్పనివ్వండి" అంది. ఆవిడ కళ్లు నిండిపోయాయి.

చిట్టి ఒక్కో అంకె గట్టిగా చెప్పింది. అది అయ్యాక, ఎవరూ అడక్కుండానే మేనేజరు పేరు కూడా చెప్పింది.