చంద్రుడి మీద ఎండ

నీలావతికీ చిన్నస్వామికీ పెళ్లయిన కొత్తల్లోనే చంద్రుడి దగ్గర జగడం వచ్చింది. పున్నమి వెన్నెల్లో మిద్దె మీద కూర్చుని ఆమె, "అదో చూడు, చేట పట్టుకొని చెరుగుతాండే ఆడమనిషి" అంది. ఆయన ఇంతెత్తున లేచాడు.

"చేటా లేదు ఏం లేదు. అది గొర్రె. తల వంచి పిల్లను నాకుతాండాది."

గోరంట్ల పక్క పల్లెలో, తెల్లవారుజామున మంద కాడ కళ్లు తెరిచి పెరిగిన మనిషి. గొర్రె కాక ఇంకేం కనపడుతుందిలే అనుకుంది ఆమె. ఆనాటి నుంచి ధర్మవరంలో ఆయన మగ్గం మీద, ఆమె రాట్నం ముందు, పున్నమి పున్నమికీ అదే మాట. పిల్లలు పుట్టారు, వాళ్లకు పెళ్లిళ్లయ్యాయి, మగ్గమూ మారింది. ఆమె చేట చేటే, ఆయన గొర్రె గొర్రే.

ఇప్పుడు ఆయనకు నడిమి చూపు పోయింది. అంచుల్లో మాత్రం కొంచెం మిగిలింది. ఎవరి ముఖం చూడాలన్నా కోడి మాదిరి తల పక్కకు వంచుతాడు. ఉన్నది కాపాడుకోవడమే తప్ప పోయింది రాదన్నారు డాక్టర్లు. దానికి నీలావతి ఏడవలేదు. పోయిన పున్నమికి "చేట ఎంత బాగుండాదో చూడు" అని రెచ్చగొడితే, "ఔలే, నువ్వు చెప్తే చేటే" అన్నాడు చూడండి, అప్పుడు ఏడ్చింది. జగడమాడని మొగుడితో ఎట్లా కాపురం చేసేది?

హిందూపురంలో పెళ్లిళ్లకు ఫోటోలు తీసే మనవరాలు స్వాతికి ఫోన్ చేసింది. "నాకు చంద్రుడు కావాలే. మీ తాత కంటికాడ పెట్టుకొని చూసేంత పెద్దగా."

పెనుకొండలో నీలావతి తమ్ముడి మిద్దె మీద నుంచి తూర్పు దిక్కు అడ్డం లేకుండా కనపడుతుంది. పున్నమి నాడు వీళ్లిద్దరూ ధర్మవరం నుంచి, స్వాతి హిందూపురం నుంచి రైలెక్కి ఆ ఇంట్లో కలిశారు. పొద్దు ఇటు కుంగుతుండగానే అటు చంద్రుడు లేచాడు, ఒళ్లంతా పసుపు పూసుకుని. పైకి వస్తూ వస్తూ ఆ పసుపు కడుక్కున్నాడు. కొండ రాళ్లు కూడా దూది మూటల్లా మెత్తబడ్డాయి. నీలావతికి కాళ్ల కింద మిద్దె ఉందో లేదో తెలియలేదు.

స్వాతి స్టాండు మీద పొడుగాటి లెన్సు బిగించి ఒక ఫోటో తీసి చూపించింది. తెల్లగా, గుండ్రంగా, నున్నగా ఉంది.

"ఏందే ఇది? ఇడ్లీ తీసినావు!"

"ఉండవ్వా. చీకటి గదా, ఇంకొంచెం వెలుగు రానిస్తా."

వెలుగు రానిచ్చేకొద్దీ ఇడ్లీ కాస్తా కరిగిన వెన్నముద్ద అయింది.

"పోనీలే స్వాతీ, నాకు యాడ కనపడ్తాది గానీ, కిందికి పోదాం పదండి" అన్నాడు చిన్నస్వామి.

ఆ 'పోనీలే' నీలావతి గుండెలో ముల్లులా దిగింది. "కూర్చోవయ్యా! నువ్వు పోనీలే అన్నంతసేపూ నేను ఈ మిద్దె దిగను."

స్వాతి ఇక దారి లేక స్టూడియో ఓనరు నజీర్‌కు ఫోన్ చేసి, స్పీకరు పెట్టి సంగతి చెప్పింది.

"పెళ్లి మండపంలో సెట్టింగులే పెట్టినావా ఏంది?" అన్నాడాయన.

"ఔ అన్నా. రాత్రి గదా."

అవతల నజీర్ ఒకటే నవ్వు. "రాత్రి నీకు తల్లీ! ఆడ ఎండ కొడ్తాండాది. చంద్రుడి మీద పడేది సూర్యుడి ఎండే గదా? మిట్టమధ్యాహ్నం సున్నం కొట్టిన గోడను ఎట్లా తీస్తావో అట్లా తియ్యి. వెలుగు తగ్గించు. ఆటో తీసేయ్. ఐఎస్‌ఓ వందకు దించు, అపర్చర్ ఎనిమిది, షట్టర్ నూటిరవై అయిదు. ఫోకస్ చేత్తో తిప్పు. చెయ్యి తగిలి కదలకుండా టైమర్ పెట్టుకో."

ఆడ ఎండ! నీలావతి తలెత్తి చూసింది. ఇన్నేళ్లూ చల్లనివాడనుకుంది. అక్కడ ఇప్పుడు నట్టనడి మధ్యాహ్నం. ఆ ఆడమనిషి ఎండలోనే చెరుగుతూ ఉందన్నమాట. అరికాళ్లు ఎంత కాలుతున్నాయో, పాపం. కాసేపు ఆమెకు తన అరికాళ్లే వెచ్చబడ్డాయి.

కెమెరా టిక్కుమంది. ఈసారి ఆకాశం కాటుకలా నల్లబడింది. దాని మధ్య చంద్రుడు, బూడిదరంగు మచ్చలతో, గుంటలతో, చేటతో సహా.

స్వాతి ఆ బొమ్మను ఫోన్లోకి తెచ్చి పెద్దది చేసి ఇచ్చింది. చిన్నస్వామి దాన్ని మోకాళ్ల మీద పలకలా పెట్టుకుని, తల వంచి, కంటి కొసకు అందేదాకా అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. ఉన్నట్టుండి చెయ్యి ఆగింది.

"ఏమే."

"ఏంది?"

"చేట యాడుండాదే దీంట్లో? కండ్లు పోయినేది నాకా, నీకా? ఇదో తల, ఇదో పిల్ల!"

ఆమె వచ్చి ఆయన భుజం మీదుగా వంగింది. ఫోను తలకిందులుగా ఉంది. అందులో నిజంగానే ఒక గొర్రె, తల వంచుకుని.

"లేచే చంద్రుడు ఆకాశం దాటి పడమర దిగేసరికి ఇట్లే తిరిగిపోతాడవ్వా" అంది స్వాతి.

నీలావతి ఒకసారి తూర్పుకు, ఒకసారి పడమరకు చూసింది. తాను చూసింది పొద్దుగూకే వేళ, తూర్పున. ఆయన మంద కాడ చూసి పెరిగింది తెల్లవారుజామున, పడమట. ఔనయ్యా, గొర్రేనని ఒప్పుకుందామని నాలుక చివరిదాకా వచ్చింది. ఆయన ముఖం చూసింది. ఎన్నాళ్లకో ఆ ముఖంలోకి కోపం వచ్చి కూర్చుంది. ఒప్పుకోలేదు.

"గొర్రె కాదులే. మేక."

"మేకా? నాకా చెప్తాండావు, మేకని?"

"తోక చూడు, పైకి లేచి ఉండాది."

"అది తోక కాదే, పిల్ల చెవి! స్వాతీ, ఇంకొంచెం పెద్దది చెయ్యి, మీ అవ్వకు చూపిస్తా."

కింద నుంచి తమ్ముడి భార్య అన్నానికి పిలిచింది. స్వాతి బొమ్మను ఇంకొంచెం పెద్దది చేసింది. చంద్రుడు నింపాదిగా నడినెత్తి దారి పట్టాడు. మిద్దె మీద ఒక్కరూ తలెత్తి చూడలేదు.